ఏసీ రిపేర్ గారి మౌనభంగము

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం, ఫోనులో మైకు తెరుచుకుని తన గొంతు నలుగురికీ వినబడడం. బల్లులకు భయపడదు, చీకటికి భయపడదు. బిడ్డకు ఒళ్లు వేడెక్కితే కాళ్లూ చేతులూ ఆడవు గాని, అదైనా మందు వేస్తే దిగే భయమే. మైకు భయానికి మందు లేదు.

ఇక వీరగాథ.

మధ్యాహ్నమార్తాండుడు వంటింటి కిటికీ ఊచలనడుమ ముక్కలు ముక్కలై గచ్చుపై కూలగా, ఎదుటి మేడపై ఆరవేసిన దుప్పట్లు గాలిలేక ఓడిన సేనల పతాకములవలె వ్రేలాడుచుండగా, వీధి చివరి నీళ్లమోటారు గాయపడిన మదగజమువలె మూల్గుచుండగా, సమస్త గృహిణీలోకము ఒక్క కునుకుకొరకు పరితపించు ఆ ఘోర ముహూర్తమున, అంట్లగిన్నెల మహాపర్వతమునకు పడమట, ఫ్రిజ్జునకు తూర్పున, సిగ్నలనెడు సంకేతరేఖలు నిలకడగా నిలుచు ఏకైక జానెడు పుణ్యభూమియందు, ఉప్పుడబ్బాకు చేరగిలబడిన చేతిఫోననెడు రథమునకు ఎదురుగా, ఒక్క చెవి మాత్రమే పలుకు ఇయర్‌ఫోనును కర్ణకుండలముగా ధరించి, ఎడమచంక బిడ్డయు కుడిచేత గరిటెయు మెరయ నిలిచియున్నది ఒక వీరనారి.

ఓ సంకేతదేవీ, గోడ చాటైన మాయమగు చంచలా, మేఘము కనబడిన అలుగు అభిమానవతీ, నడిపాఠమున గిర్రున తిరుగు సుడిగుండరూపిణీ, ఈ గాథ ముగియువరకు మాత్రము కదలక నిలువుము. తరువాత నీ యిష్టము.

ఆ వీరనారి ఇంట్లో బుజ్జి వాళ్ళ అమ్మ, వీధిలో మెకానిక్ గారి భార్య, ఆన్‌లైన్ తరగతిలో మాత్రం ఏసీ రిపేర్. ఇందులో మర్మమేమీ లేదు. ఆమె భర్త ఏసీలు బాగుచేస్తాడు. ఆ ఫోను ఆయన పాతది. గిరాకీలు పోకుండా ఉండాలని అందులో తన పేరు ఉండాల్సిన చోట ఏసీ రిపేర్ అని రాసుకున్నాడు. ఆమె కోర్సులో చేరిన రోజున, యజమాని మారినా విశ్వాసం మారని ఆ ఫోను, ఆ పేరునే భద్రంగా మోసుకెళ్లి తరగతిలో నిలబెట్టింది. మార్చడం ఆమెకు చేతకాలేదు. భర్తనడిగితే, "ఉండనీవే, తరగతిలో ఎవరి ఏసీ అయినా పాడవ్వచ్చు," అన్నాడు.

ఆగిపోయిన చదువు పూర్తి చేయించే కోర్సు అది. ఆమె చదువు పదో తరగతి సగంలో ఆగింది. తల్లి మంచానపడితే చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఒక్క వారం అని బడి మానింది. ఆ వారం ఇంకా అవ్వలేదు. బెంచీలో ఆమె చోటు ఖాళీ అయిన సంగతి లోకానికి పెద్ద లోటుగా తోచలేదు. పక్కపిల్ల కాస్త జరిగి సుఖంగా కూర్చుంది, అంతే. ఎవరైనా ఒకరు గుమ్మంలోకి వచ్చి, ఏమ్మా, రావడం లేదేం, అని అడిగి ఉంటే తమ్ముణ్ణి చంకనేసుకునైనా వెళ్లేదేమో. ఎవరూ రాలేదు. ఆమె కొన్నాళ్లు గుమ్మంవైపు చూసింది, తర్వాత తమ్ముడు పాకడం మొదలుపెట్టాడు, చూడ్డానికి తీరిక లేకపోయింది.

ఆ కోర్సువారికి విద్యార్థులను ఉత్సాహపరచుటయందు గల దీక్ష వర్ణనాతీతము. అందుకై వారొక గజరాజమును నియమించిరి. నీలవర్ణుడు, లంబకర్ణుడు, అకారణ కరతాళధ్వని తత్పరుడు, బొటనవేలంత బొమ్మ ఏనుగు. లోపలికి వెళ్లగానే తొండమెత్తి, "అద్భుతం, ఏసీ రిపేర్! మీరు వచ్చేశారు!" అంటుంది. పాఠం తెరిస్తే రంగుకాగితాల వాన. పాఠం చదవకుండా మూసేస్తే ఇంకాస్త పెద్దవాన. ఒకనాడు బుజ్జి ఫోనును నోట్లో పెట్టుకుని చప్పరిస్తే, ఒక పరీక్ష దానంతటదే మొదలై దానంతటదే ముగిసి, అన్ని జవాబులూ తప్పని తేలాక, "మీలో ఒక మేధావి దాగి ఉన్నాడు, ఏసీ రిపేర్!" అని ఏనుగు చెవులూపింది. ఇంతలా మెచ్చుకున్నవాళ్లు ఆమెకు పుట్టింట్లో లేరు, అత్తింట్లో అసలు లేరు. అయినా ఆమెకు రవ్వంత ధైర్యం రాలేదు. తను ఏం చేసినా దానికొకటే అని ఆమె కనిపెట్టేసింది. చదివినా చప్పట్లు, చప్పరించినా చప్పట్లు. అలాంటి మెప్పు కోసం ఎవరు కష్టపడతారు.

మేడం సంగతి వేరు.

మేడం లెక్కలు చెబుతుంది. ఆమె వెనుక ఒక అలమర ఉంటుంది, దాని తలుపు నిలవదు, భిన్నాలు చెబుతున్నంతసేపూ మెల్లగా తెరుచుకుంటూ వస్తుంది. మేడం వెనక్కి చూడకుండానే మోచేత్తో దాన్ని నెడుతుంది. గొంతు ఎప్పుడూ కాస్త బొంగురే. మొదటి తరగతిలో ఆమె ఒక్కొక్కరి పేరూ పిలిచింది. ఎదురుగా అన్నీ నల్లని గడులు. చదరంగపు బల్లమీద సగమైనా తెల్లగా ఉంటాయి, ఇక్కడ ఆ భాగ్యమూ లేదు. ఎవరూ పలకలేదు. రాతలో మాత్రం సందేశాలు వచ్చిపడ్డాయి. ఇంట్లో గోల మేడం. మా ఇంట్లో కూడా మేడం. మైకు తీస్తే మీరే పారిపోతారు మేడం.

మేడం నీళ్లసీసా మూత తిప్పుతూ కాసేపు చదువుకుంది.

"సరే, అయితే ఆ గోలే వినిపించండి," అంది. "మీరేం మాట్లాడొద్దు. మైకు తెరవండి చాలు. మీ ఇల్లేమంటోందో విని హాజరు వేసుకుంటా."

అంతట ఉభయ భూమ్యాకాశములు దద్దరిల్లునట్లు శంఖారావములు చెలరేగెను. ప్రథమమున, పగలంతయు పరుల దుస్తులకు ప్రాణముపోయు కుట్టుమిషనక్క, పాదఘట్టనమున తన యంత్రరాజమును పూరింప, తడతడాయమాన నిర్ఘోషము తరగతిని ముంచెత్తెను. పిమ్మట, దారిపక్క బండి నిలిపి చక్రముపై ఫోను నిలిపి విద్యనార్జించు లారీ అన్న, దిక్కులు పిక్కటిల్ల హారను మోగించెను. ఆపై, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ చాటున దాగి, ఆడో మగో చిన్నో పెద్దో తెలియరాని మరొకరు, కప్పున వ్రేలాడు తమ పంకాయొక్క కిర్రుకిర్రు నాదమును సభకు సమర్పించెను.

మేడం ఒక్కొక్కటీ చెవొగ్గి వినేది. ఊరికే వినడం కాదు, గుర్తుపెట్టుకునేది.

"అక్కా, మిషన్‌కి నూనె పట్టించావు కదూ, నిన్నటి కంటే మెత్తగా ఉంది."

"లారీ అన్నా, వానలో ఉన్నట్టున్నావు, పైన టపటపలాడుతోంది. జాగ్రత్తగా పో."

"పువ్వు గారూ, ఆ ఫ్యాను నెత్తిన పడకముందే ఎవరికైనా చూపించండి. భిన్నాలు ఎక్కడికీ పోవు."

అలా ఒకనాడు అందరివీ అయ్యాక, "ఏసీ రిపేర్ సార్, మీ ఇంట్లో ఏం మోగుతోంది సార్?" అని అడిగింది.

వీరనారి గుండె దబదబమని మోగుతోంది. బుజ్జి చెంచాతో పళ్లెం మీద మోగిస్తోంది. ముందుగదిలో అత్తయ్య పెట్టిన టీవీ, అందులో ఎవరి సంసారమో కూలుతున్న చప్పుడు. మోగడానికి కొదవలేదు, మైకు తెరవడానికే చేయి రాలేదు.

"సార్ పనిలో ఉన్నట్టున్నారు," అని మేడమే సర్దేసింది.

ఆ నాటి నుంచి ఆమె సార్ అయిపోయింది. మర్నాడే చెప్పేస్తే సరిపోయేది. మర్నాడు చెప్పలేదు. ఆ మరుసటి తరగతికి, నిన్నెందుకు చెప్పలేదు అంటారేమోనని చెప్పలేదు. మధ్యలో లారీ అన్న, "అన్నా, నా బండిలో ఏసీ వేడిగాలి కొడుతోంది, ఓ మాట చెప్పన్నా," అని సందేశం పెడితే, ఆమె భర్తనడిగి, గ్యాస్ అయిపోయి ఉంటుంది, పట్టించమని జవాబు రాసింది. దాంతో సార్ పీఠం ఇంకా గట్టిపడింది. ఇప్పుడు మైకు తెరిస్తే బయటపడేది ఆమె గొంతొక్కటే కాదు, ఇన్నాళ్ల సార్ కూడా.

ఈ సంకటం ఒక్క పొద్దుతిరుగుడు పువ్వుకే ఎలాగో తెలిసిపోయింది. ఒకనాడు విడిగా ఆమెకే రాసింది: "మీకూ భయమేనా? నాకూ. మీరు మైకు తెరిచిన రోజు నేనూ మాట్లాడతా."

ఆమె పైకెత్తిన బొటనవేలి బొమ్మను పంపింది. ఆనాటికి ఆమె చేతనైన వీరప్రతిజ్ఞ అదే.

అది జరిగిన కొన్నాళ్లకు పువ్వు తరగతికి రావడం మానేసింది. ఆ కిర్రుకిర్రు వినబడడం లేదు. మేడం మాత్రం హాజరప్పుడు ఆ వంతు రాగానే ఆగి, కాసేపు ఎదురుచూసి, తర్వాతి పేరుకు వెళుతోంది.

ఇట్లుండ కోర్సు కార్యాలయమునుండి ఒక శాసనము వెలువడెను. "ఇంతవరకూ తరగతిలో ఒక్కసారైనా గళం విప్పని విద్యార్థుల నమోదు ఈ శుక్రవారంతో రద్దవుతుంది. మీ ప్రగతే మా ఆనందం!" దాని కింద ఏనుగు చప్పట్లు.

"ఇంటి చప్పుళ్లు లెక్కలోకి రావట," అని మేడం ఆ రోజు చెప్పింది. అలమర తలుపు తెరుచుకుంటున్నా నెట్టలేదు. "నేను అడిగి చూశాను. మాటే కావాలంటున్నారు. ఉన్నాను అన్నా చాలు. దయచేసి ఒక్క మాట అనేయండి. మిమ్మల్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు."

చివరి మాట అందరినీ ఉద్దేశించిందే. కాని వంటింట్లో నిలబడ్డ ఆమెకు మాత్రం, ఎవరో గుమ్మంలోకి వచ్చి, ఏమ్మా, రావడం లేదేం, అన్నట్టే వినబడింది. రావడం కాస్త ఆలస్యమైంది, అంతే.

శుక్రవారం తెల్లవారింది. కత్తులు నూరుట, కవచములు బిగించుట మొదలగు యుద్ధసన్నాహములకు బదులుగా ఆమె అంట్లగిన్నెల ఎదుట నిలిచి ఒక్క మాటను సాధన చేసెను.

"ఉన్నానండి," అంది గిన్నెతో. "ఉన్నానండీ," అంది మూకుడుతో, ఇంకాస్త మర్యాదగా.

"ఎవరితోనే మాటలు?" అని ముందుగదిలోంచి అత్తయ్య.

"ఎవరితో లేదత్తయ్యా. ఉన్నానండి అని అనుకుంటున్నా."

"ఉన్నావులే, కనబడుతూనే ఉన్నావు. ఎక్కడికి పోతావు."

భర్త పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ నవ్వాడు. "ఒక్క మాటకి ఇంత ఇదా? పొద్దున లేస్తే నేనెంత మందితో మాట్లాడతాను."

"మీరు మాట్లాడేది ఏసీ గురించండి. ఏసీ మిమ్మల్ని తిరిగి ప్రశ్న అడగదు."

"అడగదా, నువ్వెప్పుడూ దాన్ని విప్పలేదు కాబట్టి అంటున్నావు," అని అతను వెళ్లిపోయాడు.

తరగతి వేళయ్యెను. బుజ్జి పాలు పొయ్యి మీదికెక్కెను. ఏనుగు తొండమెత్తెను. శంఖారావములు ఒక్కొక్కటే మోగుచు సమీపించుచుండగా, వీరనారి శత్రువును కన్నెత్తి చూచెను. తెరకు దిగువన, గుండ్రని కోటయందు, అడ్డముగా ఎర్రని ఖడ్గము దిగబడినను చావక, వేలకొలది అబలల వాక్కులను దిగమ్రింగి త్రేన్చుచున్న ఆ మైకాసురుడు, మినపగింజంత దేహముతో, ఇసుమంతైనను చలింపక, ఆమెనే చూచుచుండెను. అప్పుడామె తన సేనాపతిని ఉద్దేశించి మనమున ఇట్లు పలికెను.

"ఓ అంగుష్ఠమా, శైశవమున నా నోటనే పెరిగితివి. బాల్యమున బలపము పట్టితివి. పెండ్లియైనది మొదలు బఠాణీకాయలను గుట్టలుగా చీల్చితివి, బిడ్డ ముక్కును వేనవేలమార్లు తుడిచితివి, ఏనాడును కిమ్మనలేదు. అట్టి నీవు, నునుపైన గాజుపలకపై ఒక్క స్పర్శకై వణకుచున్నావేల? నేడు నీవు వెనుదిరిగితివేని, పదవ తరగతి బెంచీయందు మనచోటు రెండవమారు నిండును, పక్కవారు రెండవమారు జరిగి సుఖాసీనులగుదురు. పొమ్ము. నొక్కుము."

అంగుష్ఠము సాంతముగా వినినది. విని, చెమటలు పట్టి, తుడుచుకొనుటకై చేతిగుడ్డ వద్దకు మరలెను.

మరలి, మళ్లీ ముందుకురికి, కోటగోడను ఇక తాకబోవు క్షణమున, తెర యావత్తు నల్లబడి భీకరారావముతో కంపింపసాగెను. తరగతి మాయమైంది. ఫోను వచ్చింది. గిరాకీ.

"హలో, ఏసీ రిపేరండి," అంది ఆమె. "లేరండి, సాయంత్రం వస్తారు. నీళ్లు కారుతున్నాయా? ముందు స్విచ్చి కట్టేయండి. కట్టేశారా? ఇప్పుడు కింద బకెట్ పెట్టండి. లేదండీ, పేలదు. అందరికీ అలాగే అనిపిస్తుంది. మీరు భయపడకండి, నేను చెబుతున్నాగా, ఏం కాదు."

పెట్టేశాక, ఇంత తడబాటు లేకుండా మాట్లాడిందెవరా అని ఆమె అటూ ఇటూ చూసుకుంది. వంటింట్లో బుజ్జి తప్ప ఎవరూ లేరు.

తిరిగి తరగతిలోకి దూకగానే, "మళ్లీ వచ్చారు! మీ పట్టుదల అమోఘం, ఏసీ రిపేర్!" అని ఏనుగు తెరంతా రంగుకాగితాలు చల్లింది. ఆ కాగితాలు కిందికి రాలిపడేదాకా ఏమీ కనబడదు. అంతటి ప్రోత్సాహం. అవి రాలిపడేసరికి మేడం ఆమె వంతు దగ్గరే ఉంది.

"ఏసీ రిపేర్ సార్," అంటోంది. "ఇవాళ శుక్రవారం సార్. మీకు తెలుసుగా."

ఆమె చేయి లేవలేదు.

"తొందరేం లేదు," అంది మేడం. "నేనుంటా."

అని ఊరుకుంది. పాఠం మొదలుపెట్టలేదు, పక్కపేరుకు వెళ్లలేదు, నవ్వు పులుముకుని ధైర్యం చెప్పలేదు. నీళ్లసీసా పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, ఆ నల్లగడి వైపే చూస్తూ కూర్చుంది. కుట్టుమిషన్ ఆగింది. లారీ ఇంజను ఆగింది. ఉభయసేనలు ఊపిరి బిగబట్టెను. రణరంగమున చీమ చిటుక్కుమన్న వినబడు ఆ మహానిశ్శబ్దమున, ఒక మనిషి తనకోసం పని మానుకుని కూర్చోవడం ఆమె పెళ్లయ్యాక ఇదే చూడడం.

అంగుష్ఠము కదిలెను. గాజును తాకెను. ఎర్రఖడ్గము ఊడి ఎటో ఎగిరిపోయెను. మైకాసురుడు నోరు తెరిచెను.

మైకు తెరుచుకుంది గాని, గొంతు మూసుకుపోయింది. ఉన్నానండి అనే మాట, పొద్దుటి నుంచి గిన్నెలన్నిటికీ చెప్పుకున్న మాట, నాలుక చివరికొచ్చి అక్కడ చతికిలబడింది. తెరిచిన మైకులోంచి తరగతిలోకి బుజ్జి చెంచా చప్పుడు వెళ్లింది. టీవీలో ఎవరిదో ఏడుపు వెళ్లింది. ఆ వెనకే, టీవీని మించిన కంఠంతో, ముందుగదిలోంచి అత్తయ్య వెళ్లింది.

"ఏమే, పాలు మాడుతున్నాయి, ముక్కుందా లేదా? ఆ ఫోను ముందు నిలబడితే ఇల్లు తగలబడ్డా తెలీదు కదా నీకు."

తరగతి మొత్తం విన్నది. లారీ అన్న ముందు తేరుకున్నాడు.

"అన్నా, పాలంట అన్నా, చూస్కో."

"సార్, ముందు పొయ్యి కట్టేయండి సార్," అంది మిషనక్క. "మాట తర్వాత."

వీరనారి బిడ్డతో సహా గిరుక్కున తిరిగెను. శ్వేతఫేనతరంగములు కట్టలు తెంచుకొని గిన్నె అంచుల నుండి దిగువ మంటలపైకి దూకుచు, బుస్సుబుస్సున ధూమమును వెడలగ్రక్కుచున్న ఆ క్షీరప్రళయము నడుమ చేయిచాచి, చురుక్కుమన్నను లెక్కింపక, పొయ్యి చెవిని ఒక్క మెలి మెలిపెట్టెను. జ్వాలలు శమించెను. ప్రళయము గిన్నెలోనికి తిరిగి దిగెను. ఆమె ఒగర్చుతూ ఫోను దగ్గరకొచ్చి, నిన్నటి భయమూ, ఇన్నాళ్ల సారూ, పొద్దుటి సాధనా ఏదీ గుర్తు లేక, అడిగినవాళ్లకు జవాబు చెప్పాలన్న ఒక్క మర్యాద కొద్దీ, సకల లోకములు వినునట్లుగా ఇట్లు పలికెను.

"కట్టేశానండి."

ఆహా, ఏమి ఆ పంచాక్షరి, ఏమి దాని ప్రభావము. ఆ దెబ్బకు మైకాసురుని దుర్గము పునాదులతో కూలెను. కార్యాలయ శాసనము చిరిగి తునకలయ్యెను. సార్ పీఠము బోర్లపడెను. భూగోళమున ఏ మూలను ఏ పత్రికయు వేయని ఆ విజయవార్తను గ్రహించి, ఎదుటి మేడపై దుప్పటి ఒక్కటి మెల్లగా కదిలెను.

మేడం తెరకు దగ్గరగా వంగింది.

"ఎవరండీ మాట్లాడింది?" అంది మేడం.

"నేనేనండి. ఏసీ రిపేర్."

"మీరు సార్ కాదా?"

"కాదండి. ఏసీలు ఆయన చేస్తారు. ఫోను ఆయనదండి. నేను బుజ్జి వాళ్ళ అమ్మని."

"మరి నా బండి ఏసీకి చెప్పిందెవరక్కా?" అన్నాడు లారీ అన్న, గొంతులో నిజమైన కలవరంతో.

"ఆయన చెప్పారు, నేను రాశాను."

"ఎవరు చెబితేనేం లెండి, చల్లగా వస్తోంది."

మేడం నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఆపుకుందామని చూసింది గాని, ఆగలేదు. నవ్వుతుంటే వెనక అలమర తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపల ఏముందో మొదటిసారి అందరూ చూశారు. అన్నీ ఇస్త్రీ చెయ్యని బట్టలే. మేడం చూసుకుని, మూయకుండా అలాగే వదిలేసింది.

"ఇన్నాళ్లూ సార్ సార్ అంటుంటే ఒక్క మాట చెప్పలేదేంటమ్మా?"

"చెప్పాలంటే అది నొక్కాలి కదండీ."

మిషనక్క నవ్వు అందరికంటే ఆఖరున ఆగింది. మేడం కళ్లు తుడుచుకుని, ఆమె పేరు పక్కన హాజరు వేస్తూ పైకి చదివింది: "బుజ్జి వాళ్ళ అమ్మ. మాట్లాడారు. చెంచా, టీవీ, పాలు, అత్తగారు." అని తలెత్తి, "చెయ్యి కాలిందా?" అంది.

చురుక్కుమన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. "కొంచెమండి," అంది.

"నీళ్ల కింద పెట్టి రా అమ్మా. ఆగుతాం."

ఆమె చేయి తడుపుకుని వచ్చేదాకా తరగతి నిజంగానే ఆగింది. అప్పుడు, మైకు ఇంకా తెరిచే ఉంది కాబట్టి, రెండో మాట మొదటిదానంత కష్టం కాదు కాబట్టి, ఇందాకటి నుంచి మనసులో మెదులుతున్నది ఆమె అడిగేసింది.

"మేడం, పొద్దుతిరుగుడు పువ్వు గారు ఇవాళ కూడా రాలేదాండీ?"

మేడం నీళ్లసీసా మూత మీద చేయి వేసి తిప్పకుండా ఉండిపోయింది.

"లేదమ్మా. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. రాసిందానికి జవాబు లేదు. ఇల్లెక్కడో కార్యాలయంలో అడిగాను, వాళ్లకూ తెలీదట."

"నేను మైకు తీసిన రోజు తనూ మాట్లాడతానన్నారండీ."

మేడం హాజరు పట్టీలో ఆ పువ్వు పేరు మీద వేలు పెట్టింది.

"ఇవాళ్టితో పేరు తీసేస్తారు కదండీ?" అంది ఆమె మళ్లీ.

"తీస్తే తియ్యనీ. మళ్లీ ఎక్కించే గొడవ నేను పడతా," అంది మేడం. "ముందు మనిషి దొరకాలి."

తర్వాత పాఠం జరిగింది. భిన్నాలు. ఆమెకు కొంత అర్థమైంది, అర్థం కానిదాన్ని కాలేదండీ అని కూడా అనేసింది, ఒకసారి కాదు. తరగతి అయ్యాక బయటకు వస్తుంటే, ఇంతసేపటి మహాయుద్ధాన్ని గమనించని ఏనుగు, "మీరు బయటకు వెళ్లారు! అద్భుతం, ఏసీ రిపేర్!" అని చప్పట్లు కొట్టింది. ఆ ఏనుగే ప్రతి ఉదయం పువ్వుకు కూడా, "మీరు లేక వెలితిగా ఉంది!" అని తప్పకుండా సందేశం పంపుతూ ఉంటుంది. అది చదివారా లేదా, చదివే స్థితిలో ఉన్నారా లేదా అని చూడడం దాని పని కాదు. వెలితిగా ఉందని చెప్పడం వరకే దానికి అప్పగించారు.

బుజ్జికి మాడువాసన పాలు నచ్చలేదు. అత్తయ్య గిన్నె తోమిస్తూ, "ఇంతకీ అన్నావా ఆ మాట?" అని అడిగింది.

"వేరేది అన్నాను."

"ఏదో ఒకటి అన్నావుగా. సరే," అంది అత్తయ్య, ఆ పూటకు టీవీ కాస్త తగ్గించింది. ఈ తగ్గింపును కూడా విజయములలో చేర్చవచ్చును.

ఇట్లు బుజ్జి మాత, మైకాసురమర్దిని, క్షీరప్రళయనివారిణి, మాడిన గిన్నెతో సహా దిగ్విజయముగా నిలిచెను. ఈ గాథను వినినవారికి సంకేతము సన్నగిల్లదు, చదివినవారి పాలు పొంగవు, మధ్యలో లేచిపోయినవారిపై ఏనుగు చప్పట్లు వర్షించును.

ఈ ఫలాలన్నీ మీరే ఉంచుకుని, బదులుగా ఒక్క పని చేసిపెట్టండి. మీ పక్కింట్లోనో పై వాటాలోనో, ఏదో గదిలో, ఓ ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతుండేదనుకోండి. ఈ మధ్య ఆ చప్పుడు వినబడడం లేదనుకోండి. బాగుచేయించుకున్నారులే అని సరిపెట్టుకోకండి. ఒక్కసారి వెళ్లి తలుపు తట్టండి. వెంటనే తెరవకపోతే తిరిగొచ్చేయకండి, తొందరేం లేదని చెప్పి కాసేపు అక్కడే ఉండండి. తెరిస్తే మాత్రం, బుజ్జి వాళ్ళ అమ్మ మైకు తీసిందని, వంతు ఇక తమదేనని, ఆ చెప్పిన మాట ఇక్కడొకరు మరిచిపోలేదని చెప్పండి.